మంత్రి వద్దన్న కుర్రాడు

డ్రిల్లు మేస్టారుకీ చదరంగానికీ ఏమిటి సంబంధమని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజుల్లో విజయనగరంలో మా హైస్కూలు ఉపాధ్యాయుల గదంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. అప్పటికి నాకు పాతికేళ్ళు, మెడలో విజిలు, మూతి మీద కొత్త మీసం. ఆ మూడూ ఉన్నవాడికి నవ్వు అంత తొందరగా రాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల మాట. జిల్లాలోని పిల్లలందరికీ చదరంగం పోటీ పెట్టాలని మా హెడ్మాస్టరు గారికి బుద్ధి పుట్టింది. గెలిచిన ఒక్కణ్ణి మద్రాసులో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. రైలు, బస, భోజనం అన్నీ ఆ పోటీవాళ్ళవే. మా వైపు పిల్లలకి మద్రాసంటే పటంలో ఒక చుక్క. అందుకని పేర్లు బాగానే వచ్చాయి.

చిక్కల్లా ఆట దగ్గర వచ్చింది. మా స్కూల్లో చదరంగం వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు తెలుగు పండితులు గారు, ఒకరు లెక్కల మేస్టారు. పండితులు గారిది తాతల నాటి ఆట, లెక్కల మేస్టారిది పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు ఆట. బల్ల ఒకటే, పావులు ఒకటే, పద్ధతులు మాత్రం వేరు. పాత ఆటలో రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఇంగ్లీషు ఆటలో దూకడానికి లేదు కానీ ఏనుగు చాటున కోట కట్టుకోవచ్చు. వీళ్ళిద్దరూ ఐదేళ్ళుగా ఒకే గదిలో కూర్చుంటూ ఒక్క ఆటైనా కలిసి ఆడలేదు.

"రాజన్నవాడు ఏనుగు వెనకాల నక్కడం ఏ ధర్మమండీ?" అనేవారు పండితులు.

"మరి ముసలి రాజు గుర్రంలా గెంతడం ఏ లెక్కండీ?" అనేవారు మేస్టారు.

మద్రాసులో ఆడేది ఇంగ్లీషు ఆటే కాబట్టి ఇక్కడా అదే ఆడాలని హెడ్మాస్టరు గారు తేల్చేశారు. తీర్పరిగా లెక్కల మేస్టారిని పెడితే పండితులు గారు అలుగుతారు, పండితుల్ని పెడితే మేస్టారు సెలవు పెడతారు. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మూలన బంతులు లెక్కపెట్టుకుంటున్న నన్ను పిలిచారు.

"నీకు ఏ ఆటొచ్చు?"

"ఏదీ రాదండి."

"నీకంటే నిష్పక్షపాతి ఈ ఊళ్ళో దొరకడు. నువ్వే తీర్పరివి."

వారం రోజుల్లో లెక్కల మేస్టారి దగ్గర ఆట నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, ఏ పావు ఎటు నడుస్తుందో తెలుసుకున్నానని అర్థం. పిల్లలకి పంచడానికి నియమాలు తెలుగులో రాయాల్సి వచ్చింది. యుద్ధం పోయినా కాగితం కరువు పోలేదు. గుమాస్తా నాకు నకళ్ళు తీసే స్టెన్సిలు కాగితం ఒకే ఒక్కటి ఇచ్చి, ఇది దాటితే ఇంకోటి అడగొద్దన్నాడు. మేస్టారు ఇంగ్లీషు పుస్తకం చూసి అర్థం చెబుతుంటే నేను కుదించి రాసేవాణ్ణి. ఆ కుదింపు మీద నాకు భలే గర్వంగా ఉండేది. డ్రిల్లులో పొడుగు మాటలుండవు కదా, 'నిలబడు', 'తిరుగు', 'నడు', అంతే.

బంటు సంగతి వచ్చేసరికి కాగితం అడుగుకి చేరింది.

"బంటు అవతలి చివరి గడికి చేరితే మంత్రి అవుతుంది. అయితే..." అన్నారు మేస్టారు.

"చాలండి, చోటు లేదు" అన్నాను.

"అది కాదయ్యా, అయితే..."

"ముఖ్యమైనది మంత్రే కదండీ?"

"ముఖ్యమైనది మంత్రే అనుకో."

"మరింకేం!" అని ఒకటే గీత గీసి సంతకం పెట్టేశాను. నా ఉద్యోగ జీవితంలో చాలా తప్పులు చేశాను గానీ, ఒకరి నోట్లో 'అయితే'ని మళ్ళీ వెనక్కి తోసిన తప్పు అదొక్కటే.

పోటీ మొదటి రోజు పొద్దున్న వరండాలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, అటెన్షన్ చెప్పి, నియమాలు కవాతు గొంతుతో చదివాను. రెండు వరసల అవతల ఒక పసివాడు బెదిరిపోయి సెల్యూట్ కూడా కొట్టాడు. చదవడం ముగించి విజిలు ఊదబోతుంటే గేటు దగ్గర అలికిడైంది. ఒక పొడుగాటి ముసలమ్మ, నెత్తి మీద ఎండుచేపల బుట్ట, నోట్లో అడ్డపొగ చుట్ట. ఆవిడ వెనక పన్నెండేళ్ళ కుర్రాడు. ఎదిగే పిల్లాడని రెండేళ్ళు ముందుగానే కుట్టించిన చొక్కా, మోకాళ్ళ దాకా దిగింది.

ముసలమ్మ నిప్పు లోపల పెట్టి కాలుస్తున్న చుట్టని తీసి, ఆర్పి చెవి మీద పెట్టుకుంది. "ఏటి బాబూ, ఆట అయిపోనాదేటి? రైలు పొందూరు కాడ ఆగిపోనాది. బొగ్గు లేదంట."

"ఆట కాలేదు. నియమాలు చదవడం అయిపోయింది."

"అయితే మల్లీ సదువు. నీ నోరు అరిగిపోద్దేటి?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు మండింది. "ఒకసారి చదివింది మళ్ళీ చదవను. పంచే కాగితాలు కూడా అయిపోయాయి. మిగతావాళ్ళని చూసి నేర్చుకోమను" అన్నాను. నాకు శిక్షణ ఇచ్చిన పెద్దాయన ఒక మాట చెప్పేవాడు: ఊదిన విజిలు వెనక్కి పీల్చుకోవడానికి లేదు. తీర్పు చెప్పాక, ఆజ్ఞ ఇచ్చాక మళ్ళీ మాట్లాడితే ఎవడూ నిన్ను లెక్కచెయ్యడు అని. ఆ మాటని నేను తాయెత్తు కట్టుకున్నట్టు కట్టుకుని తిరిగేవాణ్ణి.

పండితులు గారికి జాలేసి ఆ కుర్రాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, బంటు మొదటి అడుగు రెండు గడులు వెయ్యొచ్చనీ, కోట ఎలా కట్టాలో, రాజు దూకకూడదనీ చెప్పారు. ఆయనకి తెలిసిన తేడాలు అవే.

వాడిది శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డు ఊరు. ఎవరు నేర్పారురా అని అడిగితే, "మా మామ్మండి. పడవలు తిరిగొచ్చీదాకా ఒడ్డున కూకుని ఆడతాది" అన్నాడు. వాళ్ళ బల్ల పాత తెరచాప గుడ్డ, దాని మీద బొగ్గుతో గీతలు. నలుపు తెలుపు గళ్ళు వాడెప్పుడూ చూడలేదు. మొదటి ఆటలో శకటు ఏటవాలుగా ఎక్కడికి పోతుందో వేలితో గడి గడీ తడుముకుంటూ వెళ్ళాడు. రెండో ఆటకి వేలు తీసేశాడు. మూడో ఆట ఇరవై నిమిషాల్లో ముగించి, నా దగ్గరికొచ్చి మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగాడు.

"మద్రాసు వెళ్ళి ఏం చేస్తావురా?" అన్నాను సరదాకి.

వాడు చాలా గంభీరంగా ఆలోచించాడు. "అక్కడ కూడా సముద్రం ఉన్నాదంట కదండి. అది మనదేనా, ఏరేదా సూడాలండి. మామ్మ మనదే అంతాది. నాకు నమ్మకం లేదు."

మూడో రోజుకి ఇద్దరు మిగిలారు. ఒకడు ఈ సముద్రం కుర్రాడు. రెండోవాడు మా ఊళ్ళో గోగునార వ్యాపారం చేసే షావుకారు గారి అబ్బాయి. పద్నాలుగేళ్ళు, కళ్ళద్దాలు, ఎత్తు వేసే ముందు అద్దాలు తుడుచుకునే అలవాటు. మంచి పిల్లాడు, మహా తెలివైనవాడు. ఆ పొద్దున్న బజారు వీధి సగం మా స్కూల్లోనే ఉంది. షావుకారు గారు ముందు వరసలో కూర్చున్నారు. ముసలమ్మ కిటికీ అవతల అరుగు మీద బుట్ట దించి కూర్చుంది. ఎండుచేపల వాసనకి బజారువాళ్ళు ఉత్తరీయాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా, కిటికీ వెయ్యమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లెక్కల మేస్టారు మాత్రం రాలేదు. ఆయనకి చలిజ్వరం. నియమాల పుస్తకం కూడా ఆయనతో పాటే ఇంట్లో దుప్పటి కింద ఉంది.

ఆట రెండు గంటలు సాగింది. ఇద్దరూ సమానంగానే నలిగారు. ఆఖరికి వచ్చేసరికి పరిస్థితి ఇది: షావుకారు గారి అబ్బాయి ఏనుగు సిద్ధంగా ఉంది. ఇంకొక్క ఎత్తు దొరికితే చాలు, మనవాడి రాజుకి ఆట కట్టు. కానీ షావుకారు గారి అబ్బాయి రాజు కూడా తన బలగం మధ్యే ఇరుక్కుని ఉన్నాడు, కదలడానికి ఒక్క గడి లేదు. ఎత్తు సముద్రం కుర్రాడిది. అవతలి చివర గుర్రం ఇంటికి, అంటే ఆట మొదట్లో గుర్రం నిలబడే గడికి, ఒక్క గడి దూరంలో వాడి బంటు ఉంది.

వాడు బంటుని ముందుకు జరిపి గుర్రం ఇంట్లో పెట్టాడు. పక్కన చనిపోయి పడున్న పావుల్లోంచి గుర్రాన్ని తీసి ఆ గడిలో పెట్టి, "రాజు!" అని హెచ్చరించాడు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "ఆట కట్టండి" అన్నాడు.

నేను విజిలు ఊదాను. "గుర్రం ఏమిటి? బంటు చివరి గడికి చేరితే మంత్రి అవుతుంది. నియమం అది."

"గుర్రం ఇంట్లోకి ఎల్తే గుర్రమేనండి" అన్నాడు వాడు.

పండితులు గారు లేచారు. "అదే మన పాత పద్ధతి. బంటు ఏ పావు ఇంట్లోకి వెళ్తే ఆ పావే అవుతుంది."

"ఇది పాత ఆట కాదు పండితులు గారూ" అన్నాను. "ఒరే, మంత్రి దొరుకుతుంటే గుర్రం కావాలనే వెర్రివాడు ఎవడైనా ఉంటాడురా?"

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "మంత్రి వద్దండి" అన్నాడు. "అయితే బంటు ఎనక్కి తీసుకుని ఇంకో ఎత్తు ఏస్తానండి."

"ముట్టుకున్న పావు నడపాల్సిందే."

నా చేత్తో నేనే గుర్రాన్ని తీసి మంత్రిని పెట్టాను. మంత్రి ఎంత బలవంతుడైనా, అక్కడి నుంచి అవతలి రాజుకి తగల్లేదు. షావుకారు గారి అబ్బాయి అద్దాలు తుడుచుకుని, ఏనుగుని నడిపి ఆట కట్టేశాడు. బజారు వీధి చప్పట్లు కొట్టింది.

కుర్రాడు ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. వాడు పావులన్నీ వెనక్కి జరిపి, తను బంటుని జరపక ముందు ఎలా ఉన్నాయో అలాగే పేర్చిపెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ బల్ల ముందే కూర్చున్నాడు. ముసలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నన్ను పిలిచింది.

"ఏటి బాబూ, ఇంత మీసం ఉన్నాది, బుర్ర లేదేటి? గుర్రం ఇంట్లో గుర్రం గాక మంత్రి పుడతాడేటి?"

 సరిగ్గా అప్పుడే నాకు మేస్టారి 'అయితే' గుర్తొచ్చింది.

బహుమతుల సభ రెండు గంటలకి. పన్నెండు దాటింది. సైకిలు తీసుకుని లెక్కల మేస్టారింటికి తొక్కాను. దారిలో చైను రెండుసార్లు ఊడిపోయింది, చేతులు నల్లగా అయ్యాయి. మేస్టారు మూడు దుప్పట్ల కింద వణుకుతున్నారు.

"మేస్టారూ, ఆ రోజు మీరు 'అయితే' అన్నారే, ఆ తర్వాత ఏమిటండీ?"

"ఏ 'అయితే' అయ్యా?" పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"బంటు మంత్రి అవుతుంది, అయితే..."

"అయితే, ఆడేవాడు కోరుకుంటే ఏనుగు గానీ, శకటు గానీ, గుర్రం గానీ కూడా తీసుకోవచ్చు. ఎవడూ తీసుకోడనుకో. ఎందుకు, ఎవడైనా తీసుకున్నాడా?"

జరిగింది చెప్పాను. ఆయన ఒక్కసారిగా దుప్పట్లు తోసేసి లేచి కూర్చున్నారు. "గుర్రం పెట్టి ఆట కట్టాడా? పన్నెండేళ్ళవాడా? అయ్యో, నేను చూడలేకపోయానే!" అని జ్వరం సంగతే మరిచిపోయారు. నేను తల పట్టుకున్నాను. పాత ఆట ప్రకారం వాడు గెలిచాడు, ఇంగ్లీషు ఆట ప్రకారం కూడా వాడే గెలిచాడు. వాడు ఓడింది ఒక్క నా కాగితం ప్రకారమే.

మీకు నిజం చెప్పాలి. తిరిగి తొక్కుకుంటూ వస్తుంటే దారంతా నాకు చెడ్డ ఆలోచనలే వచ్చాయి. ఈ సంగతి తెలిసింది మంచం పట్టిన మేస్టారికీ నాకూ మాత్రమే. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. షావుకారు గారు మా స్కూలు కమిటీలో పెద్ద. ఊదిన విజిలు వెనక్కి పీల్చితే రేపు ఏ పిల్లాడు నా మాట వింటాడు? ఆ చేపల కుర్రాడికేం, వచ్చే ఏడు మళ్ళీ వస్తాడు. ఇలా నాకు నేనే వకీలునై వాదించుకుంటూ గేటు దగ్గరికొచ్చాను. కిటికీలోంచి చూస్తే వాడు ఇంకా ఆ బల్ల ముందే ఉన్నాడు. ముసలమ్మ ఊచల్లోంచి చెయ్యి దూర్చి వాడికి చద్దన్నం ముద్దలు అందిస్తోంది. పావులకి తగలకుండా, బల్లకి దూరంగా తల వాల్చి తింటున్నాడు. నా వకీలు నోరు మూసుకున్నాడు.

అదే గదిలో అవతలి పక్క సభ మొదలైపోయింది. పొందూరు ఖద్దరు కట్టుకున్న ముఖ్య అతిథి దండ వేయించుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు విజేత పేరు చదవబోతున్నారు. నేను గ్రీజు చేతులతో మధ్యలోకి వెళ్ళి, ఇంకేం చెయ్యాలో తోచక విజిలు ఊదాను. అందరూ ఉలిక్కిపడ్డారు.

"తీర్పు తప్పు" అన్నాను. గొంతు కవాతు గొంతు కాదు, అరువు తెచ్చుకున్నట్టుంది. "నియమాలు నేను రాసినవి. తప్పు రాశాను. మేస్టారు చెబుతుంటే పూర్తిగా వినలేదు. ఆ అబ్బాయికి మళ్ళీ చదివి వినిపించనూ లేదు. బంటు కోరుకుంటే గుర్రం కావచ్చు. పొద్దున్న ఆట గెలిచింది ఆ అబ్బాయి."

బజారు వరసలో గోల లేచింది. షావుకారు గారు లేచి నిలబడ్డారు. నా ఉద్యోగం కూడా ఆయనతో పాటే లేచి నిలబడినట్టనిపించింది. ఆయన నా వైపు చూడలేదు, కొడుకు వైపు తిరిగారు.

"ఏరా, నిజవేనా?"

ఆ పిల్లాడు అద్దాలు తీశాడు, తుడవలేదు. "నిజవే నాన్నా. గుర్రం పెట్టగానే నాకు ఆట కట్టని తెలిసిపోయింది. మేస్టారు మంత్రి అన్నారు కదా, బతికిపోయాననుకున్నాను."

షావుకారు గారు కొడుకు భుజం తట్టారు. తర్వాత నాతో, "కాటా తప్పని తెలిశాక సరుకు మళ్ళీ తూస్తే కొట్టు పరువు పోదు మేస్టారూ. తూయకపోతేనే పోతాది. కానీండి" అని కూర్చున్నారు. ఆయన మీద నేను అంతవరకు అనుకున్న మాటలన్నీ మింగేశాను.

అయినా సముద్రం కుర్రాడు లేవలేదు. "గెలిచావురా, రా" అంటే బల్ల వైపు చూపించాడు.

"ఎత్తు ఎయ్యాలి కదండి."

నిజమే, ఆట పూర్తి కావాలి. షావుకారు గారి అబ్బాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కుర్రాడు బంటుని గుర్రం ఇంట్లోకి జరిపి, నా వైపు చెయ్యి చాచాడు. పొద్దున్న గుర్రాన్ని తీసేసింది నేను కదా, అది నా జేబులోనే ఉండిపోయింది. తీసి వాడి అరచేతిలో పెట్టాను. గ్రీజు అంటుకుని నల్లగా ఉంది. వాడు దాన్ని చొక్కాకి తుడిచి గడిలో పెట్టి, "ఆట కట్టు" అన్నాడు. షావుకారు గారి అబ్బాయి తన రాజుని పడుకోబెట్టాడు. సంతోషంతో నాకు కళ్ళు చెమర్చాయి. ముసలమ్మ కిటికీలోంచి, "ఇప్పుడు మీసానికి అందవొచ్చినాది బాబూ" అని కేక వేసింది. సభంతా గొల్లున నవ్వింది.

మర్నాడు హెడ్మాస్టరు గారు పిలిపించారు. "నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని గుర్తుందా?" అన్నారు.

"ఉందండి."

"వచ్చే ఏడు నియమాలు రెండు కాగితాల మీద రాయి."

ఆయన మనసులో మాట అర్థం కావడానికి నాకు గది దాటేవరకు పట్టింది.

కుర్రాణ్ణి మద్రాసు తీసుకెళ్ళింది నేనే. వాడు రెండో ఆటలోనే ఓడిపోయాడు, పెద్దగా బాధపడలేదు. సముద్రపొడ్డుకి తీసుకెళ్ళమని నన్ను లాగి, మోకాళ్ళ లోతుకి దిగి, దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "మనదేనండి. మామ్మ నెగ్గింది" అన్నాడు.

మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఉంటారు. తప్పు చెయ్యొద్దని చెప్పను, ఎలాగూ చేస్తారు. ఎవరైనా 'అయితే' అంటే మాత్రం కాస్త ఆగండి.

నేను రిటైరైన రోజు సాయంత్రం ఒక నడివయసు మనిషి నల్లగా నిగనిగలాడుతూ మా ఇంటికొచ్చాడు. చేతిలో తాటాకు బుట్ట. నన్ను చూడగానే కాళ్ళకి దండం పెట్టాడు. వాణ్ణి పోల్చుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. విశాఖపట్నం హార్బరులో సరంగుగా చేస్తున్నాడట, పడవ నడుపుతాడు. మామ్మ పోయిందట. కబుర్ల మధ్యలో నవ్వుతూ అన్నాడు:

"కిందటేడు మా ఆఫీసోళ్ళు పిలిసి, పడవ మానెయ్, ఫ్యాను కింద కుర్సీ ఇస్తాం, జీతం ఎక్కువ, నీ కింద నలుగురు మడుసులు అన్నారు మేస్టారూ."

"మరి?"

"వద్దన్నానండి. నాకు పడవే కావాలన్నాను. అందరూ నన్ను ఎర్రోడన్నారు. తవరేటంతారు?"

 నేను మేకుకి వేలాడుతున్న విజిలు తీసి, ఆనాడు గుర్రాన్ని పెట్టినట్టే, వాడి అరచేతిలో పెట్టాను.